రేపో మాపో అడుగేస్తాడు

మా క్రెష్‌లో గదులు రెండు. ఒకటి పాకేవాళ్ళ గది, రెండోది నడిచేవాళ్ళ గది. రెంటికీ మధ్య ఒక తలుపు ఉంది, దానికి చిన్న అద్దం ఉంది. ఆ అద్దం మీద క్రెష్ నడిపే మా పెద్దావిడ రంగుకాగితంతో చేసిన ఏనుగుని అంటించింది. చూసినవాళ్ళు ఎంత ముచ్చటగా ఉందో అంటారు. ముచ్చటా లేదు, మురిపెమూ లేదు. నేను నడిచేవాళ్ళ గదిలో ఆయాని. నా కొడుకు పాకేవాళ్ళ గదిలో ఉంటాడు. నేను వాడి కంట పడకూడదని ఆ ఏనుగు.

కన్నబిడ్డ ఉన్న గదిలో తల్లికి డ్యూటీ వెయ్యరు. "గదినిండా పిల్లలున్నా నీ కళ్ళు వాడొక్కడి మీదే ఉంటాయమ్మా" అంటుంది పెద్దావిడ. ఆవిడది అన్యాయమైతే నిలదీసి అడిగేదాన్ని. న్యాయమైన మాట మీద ఎలా పోట్లాడాలో తెలియక ఊరుకున్నాను. అందుకే నాకు మరీ ఒళ్ళుమంట.

ఏనుగు తొండానికీ ముందుకాలికీ మధ్య బొటనవేలంత సందుంది. ఉతికిన దుప్పట్లు తెచ్చేటప్పుడో, నేల తుడిచే కర్ర కోసం వెళ్ళేటప్పుడో అక్కడ ఒక్క క్షణం ఆగుతాను. చాప అంచు కనిపిస్తుంది. ఎవరిదో ఒక మడమ కనిపిస్తుంది. చాలాసార్లు ఆ మడమ నా కొడుకుది కాదు. వాడి మడమ నాకు తెలుసు, బొద్దుగా రొట్టెముక్కలా ఉంటుంది.

కనిపించకపోయినా వినిపిస్తాడు. వాడి ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, ఊరికే ఏడుపు అన్నీ గోడలోంచి వస్తాయి. అప్పుడు నా ఒళ్ళో ఎవరి పిల్లో ఉంటుంది, ముక్కు తుడుస్తూనో, బూటు తాడు కడుతూనో ఉంటాను. నా పిల్లాడు ఇంకెవరి ఒళ్ళోనో ఊరుకుంటాడు. అదీ వినిపిస్తుంది. వాడు ఏడ్చినప్పటి కంటే నేను లేకుండా ఊరుకున్నప్పుడే నాకు ఎక్కువ బాధ.

వాడిని మేం ఇంట్లో బుడంకాయ అంటాం. పాకేవాళ్ళ గదిలో వాణ్ణి చూసుకునే ఆయా పిచ్చుక. ఆ పేరు పెట్టింది నేనే. సన్నగా ఉంటుంది, ఒక్కచోట నిలవదు, నోరు ఆగదు. వయసులో నాకంటే చిన్నదైనా పనిలో నాకంటే ముందు చేరింది. ఈ పని నాకు నేర్పింది తనే.

మా పనిలో ఒక కట్టుబాటుంది. గోడ మీద రాసి పెట్టింది కాదు, ఒక ఆయా నుంచి ఇంకో ఆయాకి అలా వస్తోంది. బిడ్డ మొదటి అడుగు మా దగ్గర వేస్తే తల్లికి చెప్పం. చప్పట్లు కూడా కొట్టం, తలుపవతల ఏ తల్లి వచ్చి నిలబడిందో ఎవరికి తెలుసు. గదిలో ఉన్నవాళ్ళమంతా టక్కున నోరు మూసుకుంటాం, అంతే. సాయంత్రం బిడ్డని చేతికిస్తూ, "ఇంట్లో కాస్త కనిపెట్టుకుని ఉండండి, రేపో మాపో అడుగేసేలా ఉన్నాడు" అంటాం. ఆ తల్లి ఇంటికెళ్ళి కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంటుంది. వాడు అడుగేస్తాడు. మర్నాడు పొద్దున్నే ఆఫీసు సంచీ భుజానికి సరిగ్గా తగిలించుకోకుండానే పరిగెత్తుకొచ్చి, "మావాడు నడిచాడండీ" అంటుంది. మేమంతా ముక్కున వేలేసుకుని "అవునా!" అంటాం. ఆ "అవునా" నా అంత బాగా ఎవరూ అనలేరని నాకు పేరు. తల్లి వచ్చి ఆ మాట చెప్పాకే బిడ్డని నడిచేవాళ్ళ గదికి మారుస్తాం. అప్పటిదాకా వాడు గదంతా కలయతిరుగుతున్నా పాకేవాడి కిందే జమ.

ఇందులో మోసం ఉందా అంటే ఉంది. కానీ పొద్దున్న బిడ్డని వదిలి వెళ్ళే తల్లి వెనక్కి చూసే చూపు ఒకటుంది. ఆ చూపు చూశాక ఎవరూ నిజం చెప్పలేరు.

నాకీ సంగతి తెలిసిన రోజు బాగా గుర్తు. అంతకుముందు నేను బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణంలో కౌంటర్ దగ్గర ఉండేదాన్ని. మా పెద్దదాన్ని ఈ క్రెష్‌లోనే వదిలేదాన్ని. ఒక సాయంత్రం దాన్ని నా చేతికిస్తూ పెద్దావిడ, "కనిపెట్టుకుని ఉండమ్మా, రేపో మాపో అడుగేసేలా ఉంది" అంది. ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పుల స్టాండు దగ్గర దాన్ని దింపాను. ఒక చెప్పు విప్పి చేతిలో పట్టుకున్నాను, రెండోది ఇంకా కాలికే ఉంది. అది స్టాండు వదిలేసి నా వైపు నడిచొచ్చింది. చెప్పు చేత్తోనే దాన్ని ఎత్తుకుని ఏడ్చాను. ఆ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. వినివిని మా ఆయన, నేను ఊపిరి తీసుకునేలోపు తర్వాతి వాక్యం తనే అందించేవాడు.

ఆ దుకాణం మూసేశాక ఇక్కడ చేరాను. చేరిన కొత్తలో ఒకరోజు పాలసీసాలు తోముతుంటే పిచ్చుక ఈ కట్టుబాటు చెప్పింది. సీసాలో బ్రష్షు పెట్టి అలాగే ఉండిపోయాను. పెద్దావిడ అన్న మాట పొల్లుపోకుండా చెవిలో వినిపించింది. ఆవిణ్ణి అడగలేదు. అడిగితే ఆవిడ అబద్ధం చెప్పదు, అదే నా భయం.

అందుకని బుడంకాయ పుట్టినప్పుడే ఒకటి అనుకున్నాను. ఈసారి నాకు ఆయాలు మిగిల్చి ఇచ్చే కానుకలు వద్దు. అసలు అడుగే కావాలి. అదొక్కటి నా కళ్ళతో చూస్తే చాలు, తక్కినవన్నీ గోడ తీసుకున్నా ఫర్వాలేదు. పైగా వాడు నడిచిన మర్నాడు ఇంకో తమాషా జరుగుతుంది. వాడు నడిచేవాళ్ళ గదికి వస్తాడు కాబట్టి నన్ను పాకేవాళ్ళ గదికి మారుస్తారు. ఏనుగు కదలదు, మేం ఇద్దరం పక్కలు మార్చుకుంటాం, అంతే తేడా.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. పిచ్చుక నా మనిషే కదా అని నా ధైర్యం. "వాడు చెయ్యి వదిలి నిలబడితే చాలు, నన్ను పిలవ్వే. సందులోంచి చూసి వెళ్ళిపోతా" అని బతిమాలాను. "సరే అక్కా, ఎన్నిసార్లు చెప్తావు" అనేది.

ఆ రోజు మధ్యాహ్నం పిల్లలు నిద్ర లేచాక ఒకణ్ణి సింకు దగ్గర నిలబెట్టి కడుగుతున్నాను. వాడి లాగు సగం కిందికి జారి ఉంది, నీళ్ళు చూసి తెగ సంబరపడుతున్నాడు. గోడ అవతల ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. పిచ్చుక గొంతు కూడా ఆగింది, అది ఆగడం అరుదు. ఎవరో నడిచారు అనుకున్నాను. ఎవరో అనే అనుకున్నాను, ఒట్టు.

సాయంత్రం బుడంకాయ సంచీనీ, టోపీనీ, వాడినీ నా చేతికిస్తూ పిచ్చుక నవ్వింది. "కాస్త కనిపెట్టుకుని ఉండండి, రేపో మాపో అడుగేసేలా ఉన్నాడు" అంది.

అక్కా అని పిలిచే మనిషి నన్ను 'ఉండండి' అంది. అన్నాక దాని మొహం పాలిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తనే పోయి కుడితి తొట్టిలో పడిందట. నా గతి అదే. వాణ్ణి చంకనేసుకుని వచ్చేశాను. బస్సులో వాడు నా మెడ దగ్గర వెచ్చగా నిద్రపోయాడు. వాడి పాదాలు రెండూ నా అరచేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున్న ఇవే పాదాలు, కానీ అప్పటికి అవి ఎక్కడికీ వెళ్ళలేదు.

మా ఇల్లు మూడో అంతస్తులో. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళోవాళ్ళందరినీ పైకి పంపించి తను మాత్రం మెట్లెక్కి ఇంటికొస్తాడు, మా బిల్డింగుకి లిఫ్టు లేదు. ఆ సాయంత్రం ఆయన ఇంకా రాలేదు. మా పెద్దది కింద ఇంటివాళ్ళ దగ్గర్నుంచి తన బడి సంచీ ఈడ్చుకుంటూ వచ్చింది. దానికి ఐదేళ్ళు. మాటతీరు చూసి మేం దాన్ని జేజమ్మ అంటాం. దాని నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్ళ నాన్న నాకు తెలియకుండా కొత్త బూట్లు కొంటే ఆ సంగతి గుమ్మంలోనే ఊదేసింది. బూట్లు ఇంకా డబ్బాలోంచి బయటికి రాలేదు.

బుడంకాయని కుర్చీ పట్టించి నిలబెట్టాను. ఎదురుగా కూర్చుని చేతులు చాపాను. "రా నాన్నా, రా" అన్నాను. వాడు నవ్వాడు, కూర్చున్నాడు, పాక్కుంటూ వచ్చి నా మోకాలు పట్టుకున్నాడు. మళ్ళీ నిలబెట్టాను. గిలక్కాయ చూపించాను, అరటిపండు చూపించాను, చివరికి నా ఫోను చూపించాను. పాకుతూనే వచ్చాడు.

జేజమ్మ మంచం అంచున కూర్చుని కాళ్ళూపుతూ మమ్మల్నే చూస్తోంది. కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకుంది. "అమ్మా, వాడికి దువ్వెన చూపించు" అంది.

"దువ్వెనేంటే, మధ్యలో? నీ హోంవర్క్ నువ్వు చూసుకో" అని కసిరాను.

"నేనేం చెప్పలేదు. దువ్వెన అన్నానంతే" అని గొణిగి గోడ వైపు తిరిగింది. దాని మీద కోపం కాదు నాకు. ఆ కోపం ఎవరి మీదిదో నాకే తెలియదు. మా ఆయన వచ్చాక కూడా ఏమీ చెప్పలేదు. ఆయన బిడ్డని భుజాల మీద ఎక్కించుకుని ఆడుతుంటే, ఈయనకైనా మొదటి అడుగు మిగలనీ అనుకుని, మింగలేక కక్కలేక వంటింట్లో గిన్నెల మీద ప్రతాపం చూపించాను.

మర్నాడు దుప్పట్లు మడతపెట్టే వేళకి పిచ్చుక దొరికింది. సామాన్ల గదిలో మేమిద్దరమే.

"ఏమే, నాకా ఆ మాట చెప్పేది?" అన్నాను.

అది దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. "నోటికి అలవాటైపోయిందక్కా. బిడ్డని చేతికిచ్చాను, మాట దానంతట అదే వచ్చేసింది. అన్నాక నాలుక కొరుక్కున్నాను."

"పిలవమన్నానుగా."

"పిలుద్దామనే లేచాను. తలుపు దగ్గరికొచ్చి ఏనుగు పక్కనుంచి చూస్తే నువ్వు సింకు దగ్గరున్నావు, ఆ పిల్లాడు సగం లాగుతో నీ మీద నీళ్ళు కొడుతున్నాడు. వాణ్ణి వదిలేసి ఎలా వస్తావు? ఇటు తిరిగేసరికి మనవాడు చతికిలబడ్డాడు. అయిపోయిందని వచ్చి చెప్పనా? ఏమని చెప్పను?"

ఇద్దరం దుప్పటి దగ్గరికి తెచ్చి కొసలు కలిపాం. "ఎన్ని అడుగులు వేశాడు?" అని అడిగాను.

"చెప్పను. నువ్వింకా చూడాలి. చెప్తే చూసినట్టుండదు."

"ఎవరి దగ్గరికి?"

పిచ్చుక మాట్లాడలేదు. మాట్లాడని పిచ్చుకని చూడడం అదే మొదలు. ఒక్క క్షణం దాన్ని చాచి కొట్టాలనిపించింది. ఆ వెంటనే దాని చెయ్యి పట్టుకున్నాను. నా బిడ్డ నడుచుకుంటూ వెళ్ళింది ఆ చేతుల్లోకే. నేను లేని చోట వాడికి వెళ్ళడానికి ఒక మనిషి ఉందని సంతోషపడాలి కదా. పడ్డాను, ఏడుస్తూ పడ్డాను. అది తన పైటతో నా మొహం తుడిచి, "పద పద, పెద్దావిడ చూస్తే దుప్పట్లకి ఇంతసేపా అంటుంది" అంది.

ఆ సాయంత్రం మా ఆయన తొందరగా వచ్చాడు. ఏదో ఆఫీసులో లిఫ్టు తను ముట్టుకోకముందే బాగైపోయిందట, అవమానంగా ఉందన్నాడు. చొక్కా మార్చుకుని నేల మీద కాళ్ళు చాపి కూర్చున్నాడు. బుడంకాయ కుర్చీ కాలు పట్టుకుని నిలబడి, కుర్చీ పట్టీని చప్పరిస్తున్నాడు. నేనివాళ చేతులు చాపలేదు, పిలవలేదు. పిలిచి పాకించుకునే ఓపిక నాకు లేదు.

జేజమ్మ దువ్వెన పట్టుకొచ్చింది. "నాకు జడ వెయ్యి" అంది.

"ఈ వేళప్పుడు జడేంటి?"

"వెయ్యి. ఇక్కడ కాదు, అక్కడ కూర్చో." నా భుజం పట్టుకుని కుర్చీకి ఎదురుగా గోడ దగ్గరికి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. దువ్వెన నా చేతిలో పెట్టింది. "పైకి పట్టుకో" అంది. పట్టుకున్నాను, జడకి ఎందుకు పైకి పట్టుకోవాలో అడగాలని కూడా తోచలేదు.

బుడంకాయ దువ్వెనని చూశాడు. కుర్చీ కాలు వదిలేశాడు.

వాడొచ్చాడు. చేతులు రెండూ పైకెత్తి, పొట్ట ముందుకి తోసుకుని, ఒక పక్కకి ఒరిగి, సర్దుకుని, వచ్చాడు. దువ్వెన లాక్కుని నా ఒళ్ళో పడ్డాడు. మా ఆయన "ఒరేయ్ ఒరేయ్" అంటూ మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు, వాడి వీపు మీదా నా వీపు మీదా కూడా తట్టాడు. ఇది ముందే వేసిన అడుగని నాకు తెలుసు. ఎక్కడ వేశాడో, ఎవరి దగ్గరికి వేశాడో తెలుసు. అయినా కళ్ళు నిండిపోయాయి. అన్నీ తెలిసిన కళ్ళు కూడా నిండుతాయని నాకెవరూ చెప్పలేదు.

అప్పుడు తలెత్తాను. జేజమ్మ తమ్ముణ్ణి చూడడం లేదు. నా మొహంలోకి చూస్తోంది.

ఆ చూపు నాకు తెలుసు. తల్లి వచ్చి "నడిచాడండీ" అన్నప్పుడు మేం ఆయాలం అందరం అలాగే చూస్తాం. నడిచింది మేం ఎప్పుడో చూశాం కాబట్టి పిల్లవాడి వైపు చూడం, తల్లి మొహంలోకి చూస్తాం.

మా ఆయన బుడంకాయని ఎత్తుకుని, తన అక్కకి ఫోను చెయ్యడానికి బాల్కనీలోకి వెళ్ళాడు. "మా కళ్ళముందే అక్కా, ఇప్పుడే" అని అరుస్తున్నాడు. నేను జేజమ్మని దగ్గరికి లాక్కున్నాను.

"ఎప్పుడే?" అన్నాను.

"ఏం ఎప్పుడు?"

"దువ్వెన సంగతి నీకెలా తెలుసు?"

"మొన్న పొద్దున్న. నువ్వు స్నానం చేస్తున్నావు. నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నేను బొమ్మకి తల దువ్వుతున్నాను. వాడు దువ్వెన కోసం వచ్చేశాడు."

మొన్న పొద్దున్న. అంటే పిచ్చుక కంటే ముందు. గోడ అవతల చప్పుడు ఆగిపోవడం కంటే ముందు. నా ఇంట్లోనే, నా స్నానాలగది తలుపు ఇవతలే. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. పిచ్చుకకి ఈ మాట ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. మొదటి అడుగు తన దగ్గరికే అనుకుంటోంది, అనుకోనీ.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పకూడదు కదా" అంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "ముందు చూసినవాళ్ళు అమ్మకి చెప్పకూడదు. నువ్వే నాన్నకి చెప్పావు, అన్నం తినేటప్పుడు. నేను విన్నాను." ఒక్కసారి దాని మొహం వాడిపోయింది. "ఎంత కష్టమైందో తెలుసా? బళ్ళో కూడా ఎవరికీ చెప్పలేదు. నిన్న నువ్వు ఫోను చూపిస్తుంటే నోటిదాకా వచ్చింది."

నువ్వుగింజ నానని ఆ నోరు నా కోసం రెండు రోజులు మూసుకుని ఉంది. దాన్ని నేను కసిరాను. దాని తల నా గుండెకి ఆనించుకుని, "ఎలా నడిచాడో చూపించు" అన్నాను. "మొన్న, మొట్టమొదట. అచ్చం అలాగే."

జేజమ్మ వెళ్ళి కుర్చీ కాలు పట్టుకుంది. వదిలింది. చేతులు ఎత్తలేదు, ఒక చెయ్యి గాల్లో ఏదో పట్టుకోబోతున్నట్టు ఉంది, రెండోది చెవి మీద ఉంది. ఒక అడుగు వేసి ఆగింది. తన పాదం తనదేనా అన్నట్టు కిందికి చూసింది. ఇంకో అడుగు వేసింది. ఊగింది. దబ్బున కూర్చుంది. కూర్చుని, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది. "ఇలా చూశాడమ్మా. నువ్వెక్కడా అని" అంది.

నేను కోరుకున్నది అదే. ఆ చూపు దగ్గర నేను ఉండాలని. లేను. ఒంటిమీద నీళ్ళు పోసుకుంటూ, తొందర తొందర, బస్సు వెళ్ళిపోతుంది అనుకుంటూ ఉన్నాను. రేపు పొద్దున్న నేను వెళ్ళి, మావాడు నడిచాడు అని చెప్పాలి. చెప్పగానే వాడు ఇటొస్తాడు, నేను అటు వెళతాను. మళ్ళీ ఏనుగు పక్కనుంచి ఎవరిదో మడమ చూసుకుంటాను.

జేజమ్మ నేల మీద నుంచి లేవలేదు. గౌనుకి అంటిన దుమ్ము దులుపుకుంటోంది.

"అమ్మా, మరి నేను?"

"నువ్వేంటి?"

"నేను కూడా క్రెష్‌లోనే ఉన్నానుగా. నువ్వు ఇస్త్రీ షాపులో ఉన్నావుగా." తలెత్తకుండానే అడిగింది. "నేను అక్కడ ముందే నడిచేశానా?"

ఈ ప్రశ్నకి మొహం ఎలా పెట్టాలో ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఎంతమంది తల్లుల ముందు పెట్టానో. ఇప్పుడు మాత్రం కనుబొమ్మలు మాట వినలేదు.

"లేదు" అన్నాను. "ఇక్కడే నడిచావు, చెప్పుల స్టాండు దగ్గర. నా చేతిలో ఒక చెప్పు ఉంది."

"చెప్పు కోసం వచ్చానా?"

"కాదు. నా కోసమే వచ్చావు."

అది తలెత్తి నా మొహంలోకి చాలాసేపు చూసింది. బాల్కనీలోంచి వాళ్ళ నాన్న నవ్వు వినిపిస్తోంది. అప్పుడు జేజమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని, ముక్కున వేలేసుకుని, "అవునా!" అంది. అచ్చం నేను అన్నట్టే అంది.